ఆరడుగుల బల్ల మీద గూడ్స్ యార్డు: మొదటి మోడల్ రైల్వేను ఏ వరుసలో కట్టాలి

"అన్నా, రైలు సెట్టు కొన్నాను, నాలుగు రోజులు గుండ్రంగా తిరిగింది, తర్వాత పెట్టెలోకి పోయింది. ఇప్పుడేం చేయాలి?" అనంతపురంలో నన్ను అడిగేవాళ్లలో సగం మంది ప్రశ్న ఇదే. మిగతా సగం మంది ప్లాస్టిక్ కిట్ తెచ్చుకుని, అతికించి, రంగు కొట్టి, అది ఉప్పు కాగితంలా గరుకుగా వచ్చిందని బాధపడుతున్నవాళ్లు. ఇద్దరికీ కలిపి ఒకే పని చెప్తాను. ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న బల్ల మీద చిన్న గూడ్స్ యార్డు కట్టండి, అందులో తిరిగే వ్యాగన్లలో కొన్నిటిని కిట్ నుంచి మీ చేత్తో తయారు చేసుకోండి.

ఈ పనిలో ఒక దశ చేస్తే దాని కిందిది కప్పుకుపోతుంది. బల్లను పట్టాలు కప్పేస్తాయి, పట్టాల కింది స్లీపర్లను (అడ్డదిమ్మెలను) కంకర కప్పేస్తుంది. కంకర జిగురుతో బిగిసిపోయాక కింద ఒక వైరు ఊడిందని తెలిస్తే మళ్లీ ఉలితో తవ్వుకోవాల్సిందే, నేను ఆ పని చేశాను, మీరు చేయకండి. కింది దశ పరీక్షలో నెగ్గాకే పైదానికి వెళ్లండి.

1. ముందు తేల్చుకోవాల్సినవి

స్కేలు హెచ్‌ఓ తీసుకోండి. అంటే 1:87, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ., 87తో భాగిస్తే 19.3 వస్తుంది, కాబట్టి 16.5 పట్టా మీద మన బండి నిలబెడితే కింద కాస్త ఇరుకుగా కనిపిస్తుంది. అయినా పట్టాలు, టర్నౌట్లు (ఒక లైను రెండుగా చీలే చోట వేసే పట్టా ముక్కలు), చక్రాలు తేలిగ్గా దొరికేవి ఆ కొలతలోనే. మొదటి యార్డుకు ఈ తేడా ఒప్పేసుకోండి.

ఎన్ స్కేలు 1:160, పట్టా 9 మి.మీ. చోటు తక్కువ పడుతుంది కదా అని చాలామంది అటు వెళ్తారు. మన ఊళ్ల దుమ్ముకు నేనైతే వద్దంటాను. స్కేలు తగ్గిందని ధూళి రేణువు సైజు తగ్గదు, హెచ్‌ఓ చక్రం తొక్కుకుంటూ వెళ్లిపోయే రేణువు దగ్గర ఎన్ చక్రం ఆగిపోతుంది.

కరెంటు మామూలు 12 వోల్టుల డీసీ చాలు. ఒకే ఇంజను నడిపే చోట డీసీసీ (ఒక్కో ఇంజనును విడివిడిగా నడిపే డిజిటల్ పద్ధతి) అవసరం లేదు, ఆ డబ్బు మంచి టర్నౌట్ల మీద పెట్టండి.

ఏ యార్డు? ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల వైపు వెళ్లినవాళ్లందరికీ తెలిసిన దృశ్యం సిమెంటు ఫ్యాక్టరీ సైడింగ్, అంటే వ్యాగన్లు నిలబెట్టడానికి పక్కకు చీల్చిన లైను. నిజంగా అక్కడికి వచ్చే బాక్స్‌ఎన్ రేకులో (పైకప్పు లేని గూడ్స్ వ్యాగన్ల పూర్తి బండిలో) దాదాపు 58 వ్యాగన్లుంటాయి. ఒక్కోటి కప్లింగ్ నుంచి కప్లింగ్ వరకు 10.7 మీటర్లు, హెచ్‌ఓలో 12.3 సెం.మీ. మొత్తం రేకు పెట్టాలంటే ఏడు మీటర్లు దాటుతుంది. మనం 8 వ్యాగన్లతో సరిపెట్టుకుందాం.

పట్టాల అమరికకు ఇంగ్లండ్‌లో అలన్ రైట్ రూపొందించిన ఇంగ్లెనుక్ పద్ధతి తీసుకోండి. రెండే టర్నౌట్లు, మూడు సైడింగ్‌లు: ఒకదానిలో 5 వ్యాగన్లు, మిగతా రెండిటిలో మూడేసి. ఇటు చివర ఇంజనూ 3 వ్యాగన్లూ పట్టే ఒక లైను. ఇంతే, కానీ దీని మీద ఆడుతూ నెలలు గడిచిపోతాయి.

2. సామాన్లు

అన్నీ ఒకేసారి కొనకండి. పట్టాల పని అయ్యేదాకా రంగుల జోలికి వెళ్లకపోతే డబ్బూ మిగులుతుంది, రంగులూ ఎండిపోవు.

బల్లకు:
☐ 12 మి.మీ. ప్లైవుడ్, 3 అడుగులు × 1 అడుగు ముక్కలు రెండు
☐ కింద ఫ్రేముకు అదే ప్లైవుడ్ నుంచి 3 అంగుళాల వెడల్పు పట్టీలు
☐ వింగ్ నట్లతో బోల్టులు రెండు, వరుస తప్పకుండా చెక్క డోవెల్స్ రెండు
☐ ప్రైమరు

పట్టాలకు:
☐ కోడ్ 100 (పట్టా కమ్మీ ఎత్తును చెప్పే నంబరు) ఫ్లెక్సిబుల్ ట్రాక్, మీడియం టర్నౌట్లు రెండు
☐ 3 మి.మీ. కార్క్ షీటు
☐ 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, రోసిన్ ఉన్న సీసం తీగ
☐ ఎరుపు, నలుపు వైర్లు: బల్ల కింద పరిచేందుకు 0.75 స్క్వేర్ ఎం.ఎం., పట్టాకు అతికేందుకు సన్నవి
☐ డిజిటల్ వెర్నియర్ క్యాలిపర్, మల్టీమీటరు

కిట్‌కు:
☐ సైడ్ కట్టర్, కొత్త బ్లేడ్లు, ట్వీజర్
☐ పల్చటి ప్లాస్టిక్ సిమెంటు (తమియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది)
☐ 400, 800, 1000 నంబరు ఎమెరీ పేపర్
☐ యాక్రిలిక్ రంగులు, రిటార్డరు (రంగు త్వరగా ఎండకుండా ఆపేది), డిస్టిల్డ్ వాటర్

ఇంజను విషయంలో ఒక మాట. పొట్టి షంటింగ్ ఇంజను ఉంటే ఈ బల్లకు అన్నిటికంటే మేలు. మన గుత్తి షెడ్డు పాత డీజిల్ ఇంజన్ల పోలిక కావాలంటే ఆల్కో డిజైన్ అమెరికన్ మోడళ్లు చూడండి, డబ్ల్యూడీఎం-2, డబ్ల్యూడీజీ-3ఏ రెండూ ఆ కుటుంబం నుంచి వచ్చినవే. 20 సెం.మీ. మించకుండా చూసుకోండి.

3. బల్ల

ఆరడుగుల బల్ల ఒకే ముక్కగా చేయిస్తే మెట్ల దగ్గర తిరగదు, మంచం కింద దూరదు. మూడడుగులవి రెండు చేయించి కలుపుకోండి. వడ్రంగికి ముందే చెప్పండి: కింది పట్టీలను పడుకోబెట్టి కాదు, అంచు మీద నిలబెట్టి బిగించాలి. నిలబెట్టిన పట్టీ వంగదు. అడుగుకొక అడ్డపట్టీ వేయించండి, కానీ టర్నౌట్ వచ్చే చోట వద్దు, రేపు వైరు దింపడానికి రంధ్రం వేయాల్సింది అక్కడే.

రెండు వైపులా, అంచులతో సహా ప్రైమరు కొట్టండి. చాలామంది పైవైపు మాత్రమే కొట్టి వదిలేస్తారు. అప్పుడు వానాకాలంలో కింది వైపు మాత్రమే తేమ పీల్చుకుని బల్ల విల్లులా లేస్తుంది. అంచులు మూయకపోతే చెద కూడా అక్కణ్ణుంచే మొదలవుతుంది, అందుకే బల్లను గోడకు ఆనించి నేల మీద నిలబెట్టే అలవాటు వద్దు.

ఎండీఎఫ్ చవకని తీసుకోకండి. కంకర మీద జిగురునీళ్లు పోసే రోజున అది ఉబ్బుతుంది.

ముందుకు వెళ్లేముందు:
☐ రెండు ముక్కలూ బిగించి పొడవాటి స్కేలు పెడితే కింద వెలుతురు కనబడకూడదు
☐ విప్పి మళ్లీ బిగిస్తే అంచులు అదే చోట కలవాలి
☐ ఒక మూల నొక్కితే బల్ల ఊగకూడదు

4. కాగితం మీద పట్టాలు

ఖాకీ కాగితం ఆరడుగులు పరిచి, అసలు కొలతల్లోనే గీయండి. ఫోన్ తెర మీద గీసిన ప్లానులో ఏదైనా పట్టేస్తుంది, బల్ల మీద పట్టదు.

ఎడమ చివర నుంచి కొలతలు చెప్తాను. ఇంజను 20, మూడు వ్యాగన్లు 37, కలిపి 57 సెం.మీ. కాబట్టి మొదటి టర్నౌట్ 62 దగ్గర మొదలవ్వాలి. మీడియం టర్నౌట్ పొడవు సుమారు 22, అది 84 దగ్గర ముగుస్తుంది. బల్లల అతుకు 91.5 దగ్గర ఉంది, అది టర్నౌట్ మధ్యలోకి రాకూడదు. అందుకే చీలిన లైనులో 12 సెం.మీ. మామూలు పట్టా వేసి, రెండో టర్నౌట్‌ను 96 దగ్గర పెట్టండి, అది 118 దాకా వస్తుంది.

టర్నౌట్ దాటిన వెంటనే వ్యాగన్ నిలబెడితే పక్క లైను బండి దాన్ని గీరుతుంది. రెండు లైన్ల నడిమి గీతల మధ్య 5 సెం.మీ. దూరం వచ్చేదాకా ఆ చోటు ఖాళీగా ఉండాలి. 12 డిగ్రీల టర్నౌట్లకు అది సుమారు 12 సెం.మీ. ఇప్పుడు లెక్క చూడండి: 5 వ్యాగన్ల సైడింగ్ 84 + 12 + 62, అంటే 158. మూడు వ్యాగన్ల సైడింగ్‌లు 118 + 12 + 37, అంటే 167. బల్ల 183. చివర స్టాపులకు, ఫ్యాక్టరీ గోడకు చోటు మిగిలింది.

ఈ లెక్కను మీ దగ్గరున్న ఇంజనుతో, వ్యాగన్లతో మళ్లీ వేయండి. వ్యాగన్లను కప్లింగ్‌లతో కలిపి కొలవండి, విడిగా కొలిచి కూడితే ఒకటి రెండు సెంటీమీటర్లు తప్పుతుంది, ఆ రెండు సెంటీమీటర్లకే ఆఖరి వ్యాగన్ టర్నౌట్ మీద నిలబడిపోతుంది.

5. పట్టాలు, వైర్లు

ఇక్కడ తొందర పడితే మిగతా పనంతా వృథా. రెండు ఆదివారాలు కేటాయించండి.

కార్క్‌ను ఫెవికాల్‌తో పల్చగా అతికించి, పైన పుస్తకాలు పేర్చి రాత్రంతా వదిలేయండి. మర్నాడు దాని మీద 400 నంబరు ఎమెరీ ఒకసారి తేలిగ్గా లాగండి. కార్క్ మీద చిన్న బొడిపె ఉన్నా పట్టా అక్కడ లేస్తుంది.

పట్టాలు చివర నుంచి మొదలుపెట్టకండి, టర్నౌట్ల నుంచి మొదలుపెట్టండి. వాటిని ఖాకీ కాగితం మీది గీతకు సరిగ్గా పెట్టి, చిన్న మేకులతో బిగించి, అక్కణ్ణుంచి రెండు వైపులా మామూలు పట్టా వేసుకుంటూ వెళ్లండి. టర్నౌట్ కింద జిగురు వాడొద్దు, అది కదిలే వస్తువు, ఎప్పుడో ఒకప్పుడు తీయాల్సి వస్తుంది.

ఇక ఎండ సంగతి. డిసెంబరు పొద్దున 20 డిగ్రీల్లో పట్టాలు ఒకదానికొకటి ఆనించి వేశారనుకోండి, మే నెలలో అదే గది 42, 43 దాకా వెళ్తుంది. ఆరడుగుల పట్టా ఆ తేడాకు ముప్పావు మిల్లీమీటరు దాకా సాగుతుంది. అంతేనా అనిపిస్తుంది కానీ, ఎండిన చెక్క అదే సమయంలో కుంచించుకుంటుంది, రెండూ కలిసి పట్టా ఎక్కడో ఒకచోట పక్కకు వంకర తిరుగుతుంది. చలికాలంలో వేస్తే ప్రతి అతుకు దగ్గర విజిటింగ్ కార్డు మందం ఖాళీ వదలండి. ఏప్రిల్, మే నెలల్లో వేస్తే ఆనించి వేసినా పర్వాలేదు.

బల్లల అతుకు మీదుగా పట్టా వెళ్లే చోట: అతుకుకు రెండు వైపులా, ప్రతి రైలు (ఇక్కణ్ణుంచి రైలు అంటే బండి కాదు, పట్టాలోని ఒక్కో లోహపు కమ్మీ) కింద ఒక్కో ఇత్తడి స్క్రూ దింపి, స్క్రూ తలను రైలు అడుగు ఎత్తుకు తెచ్చి, రైలును దానికి సోల్డర్ చేయండి. బల్లలు బిగించి ఉండగానే పట్టాను అఖండంగా వేసి, ఆ తర్వాత సన్నటి రంపంతో కోయండి. ముందే కోసి తర్వాత కలపాలని చూస్తే ఎన్నటికీ కలవవు.

వైర్ల దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. పట్టా ముక్కలను కలిపే జాయినర్ కరెంటు మోస్తుందని నమ్ముతారు. ఆరు నెలలు మోస్తుంది. దుమ్ము, తుప్పు పట్టాక ఇంజను అక్కడికొచ్చి ఆగిపోతుంది. కాబట్టి ప్రతి పట్టా ముక్కకూ, ఎంత చిన్నదైనా, సొంతంగా ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు ఉండాలి. పట్టా బిగించకముందే రైలు బయటి వైపు అడుగున సోల్డర్ చేసుకుంటే కనబడదు, చక్రానికి తగలదు.

సోల్డరింగ్ రానివాళ్లకు నాలుగు ముక్కల్లో: రైలును ఎమెరీతో మెరిసేలా రుద్దండి. వైరు చివరకు ముందే సీసం పట్టించండి. ఐరన్‌ను రైలుకు ఆనించి, సీసాన్ని ఐరన్‌కు కాదు రైలుకు తాకించండి. రెండు సెకన్లలో పారాలి, పారకపోతే ఐరన్ తీసేసి మళ్లీ శుభ్రం చేయండి, అలాగే పట్టుకుని ఉంటే ప్లాస్టిక్ స్లీపర్లు కరిగిపోతాయి. యాసిడ్ ఫ్లక్స్ వాడితే మొదట బాగానే ఉంటుంది, తర్వాత వైరును తినేస్తుంది.

టర్నౌట్‌లో లైన్లు చీలే చోట రెండు లోపలి రైళ్లు కలిసే మొనను ఫ్రాగ్ అంటారు. టర్నౌట్ ఎలక్ట్రోఫ్రాగ్ (ఫ్రాగ్ కూడా కరెంటు మోసే రకం) అయితే ఫ్రాగ్ నుంచి బయటికొచ్చే రెండు లోపలి రైళ్లకు ప్లాస్టిక్ జాయినర్లే పెట్టాలి. మర్చిపోతే ఆ లైన్లకు ఇచ్చిన వైర్లతోనే షార్ట్ అవుతుంది. ఇన్సుల్‌ఫ్రాగ్‌కు (ఫ్రాగ్‌లో కరెంటు లేని రకానికి) ఈ బాధ లేదు, మొదటిసారికి అదే తీసుకోమంటాను, కాకపోతే పొట్టి ఇంజను దాని మీద ఒక్కోసారి తడబడుతుంది.

230 వోల్టుల వైపు మీరు చేయి పెట్టొద్దు. తయారై వచ్చిన కంట్రోలరే కొనండి. కరెంటు పోయినప్పుడు చవక స్క్వేర్‌వేవ్ ఇన్వర్టరు మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న కంట్రోలర్ నడిపితే గుయ్‌మని మోగుతుంది, వేడెక్కుతుంది, ఆ కాసేపు ఆపేయడమే మంచిది.

6. వారం రోజుల పరీక్ష

రంగు లేదు, కంకర లేదు, ఉత్త పట్టాల మీద వారం నడపండి. వేగంగా కాదు, ఇంజను నత్తలా పాకేంత నెమ్మదిగా. వేగంలో తప్పులు దాక్కుంటాయి.

☐ ప్రతి సైడింగ్ చివరి దాకా ఆగకుండా వెళ్లి రావాలి
☐ ఇంజను వెనక్కి నెట్టేటప్పుడు మూడు వ్యాగన్లూ టర్నౌట్ మీద పట్టా దిగకూడదు
☐ టర్నౌట్‌ను వేలితో అటూ ఇటూ 20 సార్లు తోసినా పూర్తిగా ఆనాలి
☐ మల్టీమీటరుతో ప్రతి ముక్క మీద వోల్టేజీ ఒకేలా ఉండాలి
☐ బల్లలు విప్పి, మళ్లీ బిగించి, ఇవన్నీ రెండోసారి

ఒకే వ్యాగన్ అన్ని చోట్లా పడిపోతుంటే తప్పు వ్యాగన్‌ది. అన్ని వ్యాగన్లూ ఒకే చోట పడిపోతుంటే తప్పు పట్టాది. వ్యాగన్‌దైతే చక్రాల వెనక వైపుల మధ్య దూరం క్యాలిపర్‌తో కొలవండి, హెచ్‌ఓలో సుమారు 14.4 మి.మీ. ఉండాలి. తక్కువుంటే చక్రాన్ని మెల్లగా తిప్పుతూ బయటికి లాగండి. పట్టాదైతే చూపుడు వేలి గోరును రైలు లోపలి అంచు మీద జరుపుతూ పోండి, కన్నుకు కనబడని మెట్టు గోరుకు తగులుతుంది, దాన్ని సన్నటి ఆకురాయితో అరగదీయండి.

7. ఈలోపు సాయంత్రాలు: కిట్ వ్యాగన్

పెట్టె తెరవగానే అతికించడం మొదలుపెట్టకండి. ముందు కాగితం చదివి, ఏ ముక్క ఏ ముక్క లోపలికి వెళ్తుందో ఊహించుకోండి. తర్వాత ముక్కలు అంటుకుని ఉన్న ప్లాస్టిక్ ఫ్రేములను గోరువెచ్చటి నీళ్లలో, ఒక చుక్క గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టండి, ఎండలో కాదు, నీడలో. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటే రంగు పట్టదు.

ముక్కను ఫ్రేము నుంచి రెండు కోతల్లో విడదీయాలి. మొదటి కోత దూరంగా, రెండోది దగ్గరగా, మిగిలిన మొలకను బ్లేడుతో, ఆఖరున 400, 800 ఎమెరీతో. దగ్గరగా ఒకేసారి కోస్తే ప్లాస్టిక్ లోపలికి చిరిగి తెల్లటి గుంట పడుతుంది. చేత్తో విరిచేవాళ్లకు ఇంక చెప్పేదేముంది, ఆ ముక్క పోయినట్టే.

జిగురు లేకుండా మొత్తం ఒకసారి కూర్చి చూడండి. రబ్బరు బ్యాండ్లతో పట్టి ఉంచండి. ఇక్కడే తెలుస్తుంది ఏ అంచు ఆనడం లేదో.

పల్చటి సిమెంటు పూసి అతికించే రకం కాదు. ముక్కలు రెండూ ఆనించి పట్టుకుని, అతుకు చివర బ్రష్షు తాకిస్తే అదే లోపలికి పారుతుంది. మీ వేలు ఆ గీత మీద ఉంటే వేలి కిందికీ పారి, వేలిముద్ర ప్లాస్టిక్ మీద శాశ్వతంగా పడుతుంది. కిటికీ తలుపు తెరిచి పెట్టుకోండి, ఆ ఆవిరి తలకెక్కుతుంది. అద్దం ముక్కలకు సూపర్ గ్లూ వాడకండి, పొగపట్టినట్టు తెల్లబడతాయి, ఫెవికాల్ చాలు.

వ్యాగన్ అడుగు భాగం అతికించేటప్పుడు అద్దం మీద పెట్టి అతికించండి. నాలుగు మూలలూ అద్దానికి ఆనాలి. ఒక మూల లేచి ఆరిపోతే ఆ వ్యాగన్ జీవితాంతం పట్టా దిగుతూనే ఉంటుంది.

ఖాళీ వ్యాగన్ తేలిక, నెట్టితే పడిపోతుంది. లోపల సీసపు ముక్కో, రెండు మూడు నట్లో అతికించి బరువు పెంచండి. అన్ని వ్యాగన్లూ దాదాపు ఒకే బరువు ఉండాలి, వంటింటి డిజిటల్ కాటా దీనికి బాగా పనికొస్తుంది. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ఆరిన కిట్‌ను కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి వెళ్లొద్దు. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం గంటసేపు అలా వదిలి వచ్చేసరికి నా వ్యాగన్ పక్కపలక లోపలికి వంగిపోయింది, వేడినీళ్లలో ముంచి సరిచేద్దామన్నా పాత రూపం రాలేదు.

8. రంగు: మన ఎండలో ఎలా

రంగు గరుకుగా రావడానికి కారణం నూటికి తొంభై సార్లు చెయ్యి కాదు, వేడి. ఎయిర్‌బ్రష్ నుంచి బయల్దేరిన చుక్క ప్లాస్టిక్ చేరేలోపే గాలిలో ఎండిపోతుంది, పొడిలా వచ్చి పడుతుంది. బ్రష్షుతో వేసినా అంతే, మొదటి గీత ఎండిపోయాక రెండోది దాని మీద లాగితే కింది రంగు చిరుగుతుంది.

పరిష్కారం: పొద్దున ఆరుకు వేయండి. ఎండాకాలంలో ఎనిమిది దాటితే మూట కట్టేయండి. రంగులో రిటార్డరు కొన్ని చుక్కలు కలపండి. పాలంత పల్చగా చేసుకోండి. ఎయిర్‌బ్రష్ అయితే 15 నుంచి 20 పీఎస్ఐ, ముక్కకు 10 సెం.మీ. దగ్గర. పలుచటి పూతలు మూడు, ఒక్కోదాని మధ్య అరగంట. ఫ్యాన్ ఆపేయాలి, చెమట పట్టినా సరే, ఫ్యాన్ ఉంటే రంగు ముందే ఎండుతుంది, పైగా గదిలో దుమ్మంతా తడి రంగు మీద వాలుతుంది. నేల తడిగుడ్డతో తుడిచి మొదలుపెడితే ఇంకా మంచిది.

నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. మన బోరునీళ్లలో ఉప్పులు ఎక్కువ, రంగు పల్చబరచడానికి వాడితే ఆరాక తెల్లటి మచ్చలు తేలతాయి. డిస్టిల్డ్ వాటర్ వాడండి, బ్యాటరీ షాపులో దొరికేదే. డీకాల్స్ (నానబెట్టి అతికించే అక్షరాల స్టిక్కర్లు) నానబెట్టడానికీ అదే.

డీకాల్ ముందు గ్లాసీ (మెరిసే) పూత, తర్వాత డీకాల్, ఆఖరున మ్యాట్ (మెరుపు లేని) పూత, ఈ వరుస మార్చొద్దు. మ్యాట్ రంగు మీద నేరుగా అతికిస్తే కింద గాలి ఇరుక్కుని అంచులు వెండిలా మెరుస్తాయి. అలా అయిపోయినచోట సూదితో సన్నగా గుచ్చి సెట్టింగ్ సొల్యూషన్ (డీకాల్‌ను మెత్తబరిచే ద్రవం) ఒక చుక్క వేయండి, చాలావరకు దిగుతుంది.

బాక్స్‌ఎన్‌కు ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు. దాని మీద సిమెంటు సైడింగ్ దుమ్ము వేయడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. బూడిదరంగు చాక్ పేస్టల్‌ను ఎమెరీ మీద అరగదీసి, మెత్తటి బ్రష్షుతో పై అంచు నుంచి కిందికి లాగండి, వాన పడినప్పుడు సిమెంటు ధారలు కారినట్టు. తక్కువ వేయండి, రెండు రోజులు చూసి కావాలంటే మళ్లీ వేయండి. అసలు వ్యాగన్ ఫొటో ఒకటి ఎదురుగా పెట్టుకుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

9. కంకర, నేల

వారం పరీక్ష నెగ్గాకే ఇది. ముందు రైలు పక్కలకు తుప్పు రంగు వేసి, పైభాగం తడి ఆరకముందే తుడిచేయండి. టర్నౌట్‌లో కదిలే రైళ్లు ఆనే చోట రంగు పడకూడదు, పడితే కరెంటు రాదు.

కంకర కొనక్కర్లేదు. ఇళ్లు కట్టే చోట రోబో శాండ్ ఒక డబ్బాడు అడిగి తెచ్చుకోండి. కడగండి, ఆరబెట్టండి, మొదట టీ వడపోతలో జల్లించి కిందికి దిగినది తీసుకోండి, దాన్ని పల్చటి వస్త్రంలో మళ్లీ జల్లించి పొడి పారేయండి. నిజమైన కంకర 50 మి.మీ. అనుకుంటే హెచ్‌ఓలో అర మిల్లీమీటరు పైచిలుకు, అదే మీకు మిగలాలి. ఇప్పుడు ముఖ్యమైన పని: దాన్ని కాగితం మీద పరిచి, అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి మీదుగా తిప్పండి. క్రషర్ నుంచి వచ్చిన ఇనుప రజను అంటుకుంటుంది. వదిలేస్తే ఇంజను మోటారులోని అయస్కాంతం లాక్కుంటుంది, అంతటితో ఆ మోటారు పని అయిపోతుంది.

చెంచాతో పోసి, మెత్తటి బ్రష్షుతో సర్దండి. స్లీపర్ పైమట్టానికి మించొద్దు. తర్వాత ముందు తడపాలి, ఆ తర్వాతే జిగురు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి సన్నగా స్ప్రే చేయండి, పైనుంచి నేరుగా కొడితే గుంటలు పడతాయి, ఎత్తు నుంచి మంచులా పడనివ్వండి. ఫెవికాల్ ఒక పాలు, నీళ్లు రెండు పాళ్లు కలిపి డ్రాపరుతో పోయండి. ఇది సాయంత్రం పని, మధ్యాహ్నం చేస్తే పైన పొర కట్టి లోపల పొడిగానే ఉంటుంది.

టర్నౌట్ దగ్గర కదిలే రైళ్ల కింద కంకర వద్దు. అక్కడ గోధుమ రంగు వేసి వదిలేయండి. జిగురు వేసిన మొదటి రెండు గంటలూ పది నిమిషాలకోసారి టర్నౌట్‌ను అటూ ఇటూ తోస్తూ ఉండండి.

నేలకు మన మట్టే. అనంతపురం ఎర్రమట్టి, నంద్యాల వైపు నల్లరేగడి, ఏది మీ ఊరైతే అది. పాత పెనం మీద వేయించి పురుగు చంపి, జల్లించి, దానికీ అయస్కాంతం తిప్పి, ఫెవికాల్ పూసిన చోట చల్లండి. తడి జిగురులో మట్టి రంగు ముదురుతుంది, కంగారు పడకండి, ఆరితే తేలుతుంది. పచ్చగడ్డి పొడి కొని అంతా చల్లకండి, మన దగ్గర సైడింగ్ పక్కన ఉండేది ఎండుగడ్డి, కంపచెట్లు. చెనిక్కాయ చెట్టు పీకినప్పుడు వచ్చే ఎండు వేర్లు తలకిందులు చేసి నాటితే అచ్చం కంపచెట్టులా కొమ్మలు వేస్తుంది, దానికి కొద్దిగా లేత ఆకుపచ్చ పొడి అద్దితే చాలు.

10. తరచూ వచ్చే ఇబ్బందులు

ఇంజను మిణుకు మిణుకుమని ఆగుతోంది: పట్టా మురికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలుగుడ్డతో తుడవండి. ఎమెరీతో రుద్దొద్దు, పడిన గీతల్లో మురికి ఇంకా ఎక్కువ చేరుతుంది. తుడిచాక చక్రాలు కూడా తుడవాలి, లేకపోతే అవే మళ్లీ పట్టాకు పూస్తాయి.

కంకర జిగురు ఆరాక టర్నౌట్ కదలడం లేదు: గోరువెచ్చటి నీళ్లు డ్రాపరుతో వేసి పది నిమిషాలు ఆగండి, ఫెవికాల్ మెత్తబడుతుంది, సూదితో తీయండి. బలంగా తోస్తే కదిలే రైలు ఊడుతుంది.

వేసవిలో పట్టా పక్కకు ఉబ్బింది: ఆ అతుకు జాయినర్‌ను పక్కకు జరిపి, రైలు చివర అర మిల్లీమీటరు అరగదీయండి. ఉబ్బిన చోటే నొక్కి జిగురు పెడితే ఇంకోచోట ఉబ్బుతుంది.

కిట్ అతుకు దగ్గర గీత కనిపిస్తోంది: పుట్టీ పట్టించి, ఒక రోజు ఆగి, 800 ఎమెరీని తడిపి రుద్దండి. అదే రోజు రుద్దితే పుట్టీ తర్వాత కుంగుతుంది.

11. ఆట, మూత

8 వ్యాగన్లకూ నంబర్లు వేయండి. 8 చీటీలు రాసి డబ్బాలో వేసి, ఐదు తీయండి. ఆ ఐదు వ్యాగన్లను చీటీలు వచ్చిన వరుసలోనే 5 వ్యాగన్ల సైడింగ్‌లో నిలబెట్టాలి. చేత్తో ఎత్తకూడదు, ఇంజనుతోనే లాగాలి, నెట్టాలి, ఇటు చివర లైనులో ఒకేసారి మూడు వ్యాగన్లకు మించి పట్టవు. ఎనిమిదిలో ఐదింటిని వరుసగా ఎంచుకునే మార్గాలు 6,720, కాబట్టి రోజుకొకటి ఆడినా పద్దెనిమిదేళ్లు పడుతుంది. ఇంట్లో పిల్లలుంటే చీటీలు వాళ్లతో తీయించండి, ఎన్ని కదలికల్లో అయిందో గోడ క్యాలెండరు మీద రాసుకోండి.

ఆట అయ్యాక ఇంజనును పెట్టెలో పెట్టి, బల్ల మీద మెత్తటి పాత నూలు చీర కప్పండి. ఆషాఢం గాలుల్లో రెండు మడతలు వేయండి, ఆ నెలల్లో కిటికీ మూసినా సందుల్లోంచి ఎర్రదుమ్ము వస్తుంది. చీర తీసేటప్పుడు పైకి లాగకుండా ఒక అంచు నుంచి చుట్టుకుంటూ రండి, అప్పుడు దుమ్ము చీరలోనే ఉంటుంది, పట్టాల మీద రాలదు.